రోడ్డుకు ఒక లెక్క, ట్రాక్‌కు ఒక లెక్క: బ్లీడర్ బటన్ ఉన్న డయల్ గేజుపై సమీక్ష

టైర్లలో గాలి చూపించుకోవడానికి విజయవాడలో చోటుకు కొదవ లేదు. పెట్రోలు బంకుల్లో ఉచితంగా కొడతారు, ఆటోనగర్‌లోకి అడుగుపెడితే ప్రతి వీధిలోనూ టైర్ల దుకాణమో పంచర్ షాపో కనిపిస్తుంది, జాతీయ రహదారి వెంట అర్ధరాత్రి దాటినా లైటు వెలుగుతూ ఒక కంప్రెసర్ దొరుకుతుంది. ఇన్ని ఉండగా సొంతానికి ఒక గేజు ఎందుకని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: టైరులోని గాలికి ఒక అంకె చెప్పామంటే, ఆ అంకెను ఏ వేడిమీద కొలిచామో కూడా చెప్పి తీరాలి. బయట కొలిచే ఏ చోటుకైనా మనం కారు నడుపుకుంటూనే వెళతాం కాబట్టి చల్లటి టైరు అక్కడ దొరకదు, అది మన ఇంటి దగ్గరే, తెల్లవారుజామునే దొరుకుతుంది. ఊళ్లో రోజూ నడిపే కారునే వీలు దొరికినప్పుడల్లా చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు తీసుకువెళ్లే నాలాంటివారికి ఈ విషయం ఇంకా ముఖ్యం. రోడ్డు మీద చల్లటి అంకెను నమ్ముకోవాలి, ట్రాక్ మీద వేడి అంకెను నమ్ముకోవాలి, ఈ రెండింటినీ ఒకే పనిముట్టుతో కొలిస్తేనే వాటి మధ్య లెక్క కుదురుతుంది.

నేను వాడుతున్నది గుండ్రటి డయలు, జానెడున్నర రబ్బరు గొట్టం, చివర వాల్వు మీద నొక్కిపెట్టే ఇత్తడి మూతి, పక్కన గాలి కొంచెంకొంచెంగా వదలడానికి ఒక చిన్న బటన్ ఉన్న గేజు. ఆ బటన్‌నే బ్లీడర్ అంటారు. ఇదే నిర్మాణంతో చాలా పేర్ల మీద గేజులు అమ్ముతున్నారు, కొన్నింటికి డయలు చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు రంగు తప్ప తేడా ఏమీ కనబడదు. అందుకే ఇది ఒక కంపెనీకి మార్కులు వేసే సమీక్ష కాదు, ఈ రకం పనిముట్టు మీద సమీక్ష. కొనేవారు పెట్టె మీద ఉన్న పేరుకన్నా ముందు చూడవలసినది డయలు మీద ఉన్న కొలత.

డయలు గేజు లోపల వంపు తిరిగిన ఒక సన్నటి లోహపు గొట్టం ఉంటుంది. దానిలోకి గాలి చేరగానే ఆ వంపు కాస్త విప్పారి, ఆ కదలికే పళ్లచక్రాల ద్వారా ముల్లును తిప్పుతుంది. 1849లో ఫ్రాన్సులో యూజీన్ బూర్డాన్ పేటెంట్ పొందిన ఏర్పాటు ఇది, ఈనాటికీ బాయిలర్ల మీదా కంప్రెసర్ల మీదా ఇదే పని చేస్తున్నది. దీని ఖచ్చితత్వాన్ని సాధారణంగా మొత్తం కొలతలో ఇంత శాతం అని చెబుతారు. అంటే 0 నుంచి 60 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని చెప్పే పీడనపు కొలత) వరకు ఉన్న గేజులో 2 శాతం తేడా అంటే 1.2 పీఎస్‌ఐ, అదే 0 నుంచి 160 వరకు ఉన్న గేజులో అదే 2 శాతం 3.2 పీఎస్‌ఐ అవుతుంది. పైగా ఈ రకం గేజులు డయలు మధ్యభాగంలోనే ఎక్కువ నిజం చెబుతాయి, రెండు చివరల్లో తేడా పెరుగుతుంది. కారు టైరుకు మనకు కావలసినదంతా 26 నుంచి 42 లోపే ఉంటుంది కాబట్టి 60 దగ్గర ముగిసే డయలే సరైనది. లారీ టైర్లకు కూడా పనికొస్తుందని దుకాణంవారు 160 గేజు చేతిలో పెట్టబోతే మర్యాదగా వద్దనడం మంచిది.

వాడకం విషయానికి వస్తే, మా అపార్ట్‌మెంట్ సెల్లారులో పొద్దున్నే, రాత్రంతా కదలకుండా నిలబడి ఉన్న కారు దగ్గర కూర్చుని వాల్వు మూత తిప్పి తీస్తాను. ఇత్తడి మూతిని వాల్వు మీద నిటారుగా నొక్కితే ఒక్కసారి చిన్నగా బుస్సుమని ఆగిపోతుంది. ఏ కొంచెం వంకరగా పెట్టినా ఆ శబ్దం ఆగదు, ఆగని శబ్దంతో చూపించే అంకెను నమ్మకూడదు. శబ్దం ఆగాక ముల్లు ఒక చోట నిలబడుతుంది. గొట్టం పొడవు ఉండడం వల్ల డయలును చేతిలో పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసుకోవచ్చు, మెడ వంచి చక్రం కిందికి తొంగిచూసే అవసరం ఉండదు. ఒకటి రెండు పీఎస్‌ఐలు ఎక్కువ ఉంటే బ్లీడర్‌ను బొటనవేలితో తట్టితట్టి వదలాలి. నొక్కి పట్టుకుంటే, గొట్టంలో గాలి పారుతున్నంతసేపూ ముల్లు అసలుకంటే తక్కువ చూపిస్తుంది, వదలగానే మళ్లీ కాస్త పైకి లేస్తుంది. ఈ సంగతి తెలిసి వాడితే సగం పీఎస్‌ఐ తేడాకు కూడా నాలుగు టైర్లనూ సమం చేయవచ్చు.

ఎంత ఉండాలన్న ప్రశ్నకు రోడ్డు వరకూ సమాధానం కారు మీదే రాసి ఉంటుంది. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీదనో, పెట్రోలు మూత లోపలి వైపునో స్టిక్కరు ఉంటుంది. టైరు సైడ్‌వాల్ మీద, అంటే పక్కగోడ మీద, 44 అనో 51 అనో కనిపించే అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం మాత్రమే, దాన్ని చూసి గాలి కొట్టించడం పొరపాటు. ఒకే టైరును బరువులో ఎంతో తేడా ఉన్న కార్లకు వేస్తారు, కాబట్టి ఎంత గాలి కావాలో నిర్ణయించేది టైరు తయారుచేసినవారు కాదు, కారు తయారుచేసినవారు. నా కారు ముందుచక్రాలతో నడిచే హ్యాచ్‌బ్యాక్, దాని స్టిక్కరు ముందు 230 కిలోపాస్కల్‌లు, వెనుక 210 అని చెబుతుంది. 100 కిలోపాస్కల్‌లంటే 14.5 పీఎస్‌ఐ కాబట్టి ముందు 33, వెనుక 30. డయలు మీద రెండు కొలతలూ పక్కపక్కనే ముద్రించి ఉన్న గేజు తీసుకుంటే ఈ గుణకారం కూడా అక్కర్లేదు. స్టిక్కరులో రెండు వరుసలుంటే ఒకటి మామూలు బరువుకు, రెండోది నిండు బరువుకు అని గుర్తుపెట్టుకోవాలి. ఇంటిల్లిపాదీ సామానుతో తిరుపతి బయలుదేరే రోజున వెనుక టైర్లకు రెండో వరుసలోని అంకె వేయాలి, తిరిగి వచ్చాక మళ్లీ తగ్గించుకోవాలి.

ఆ స్టిక్కరు మీద ఉన్న అంకెలు చల్లటి టైరుకు సంబంధించినవి. కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉంటేనో, నెమ్మదిగా ఒకటి రెండు కిలోమీటర్లకు మించకుండా నడిచి ఉంటేనో టైరు చల్లగా ఉన్నట్లు లెక్క. మామూలు కారు టైరులో గాలి వేడి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే పీడనం సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. విజయవాడ మే నెలను తీసుకుందాం. పొద్దున్న ఆరింటికి 28 డిగ్రీల దగ్గర ముందు టైర్లకు 33 పెట్టాను. మధ్యాహ్నం రోడ్డు మీద కొంత దూరం పోయేసరికి టైరు లోపలి గాలి 65 డిగ్రీలకు చేరిందనుకుంటే గేజు దాదాపు 39 చూపిస్తుంది. అది చూసి గాబరాపడి వేడి మీదే 33కు దించితే, మర్నాడు పొద్దున్న ఆ టైరులో 28 కూడా ఉండదు. ఎండాకాలంలో గాలి తక్కువగా ఉంచాలి, లేకపోతే టైరు పేలుతుంది అన్న మాట మన ప్రాంతంలో ఎంత గట్టిగా పాతుకుపోయిందో, అంత గట్టిగా దాన్ని కాదనవలసిన అవసరం ఉంది. వేడెక్కి పెరిగే ఆ ఆరు పీఎస్‌ఐలను ముందే దృష్టిలో పెట్టుకునే కారువారు చల్లటి అంకెను నిర్ణయించారు.

గాలి తగ్గితే టైరు చల్లబడదు, ఇంకా వేడెక్కుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వంచిన చోట చెయ్యి పెట్టలేనంత వేడి పుట్టినట్లే, గాలి చాలని టైరు తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్ ఎక్కువగా వంగి లేస్తూ లోపలి నుంచే కాలుతుంది. దానికి తోడు వేగం, బరువు, మండే తారు కలిస్తే టైరు పొరలు విడిపోతాయి. అమెరికాలో 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ దాదాపు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచినప్పుడు, ఆ టైర్లు ఎక్కువగా వాడిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌కు ఫోర్డ్ సూచించిన 26 పీఎస్‌ఐ చాలునా, ఫైర్‌స్టోన్ అన్నట్లు 30 ఉండాలా అన్న వాదం పెద్ద ఎత్తున నడిచింది. టైర్ల తయారీలో లోపాలు, వాహనం తీరు, వేడి వాతావరణం అన్నీ అందులో ఉన్నాయి, గాలి ఒక్కటే కారణం అనడానికి లేదు. కానీ నాలుగు పీఎస్‌ఐల తేడా అంత గంభీరమైన చర్చకు వచ్చిందంటే ఆ నాలుగింటి విలువ అర్థమవుతుంది. ఆ ఏడాదే అక్కడ చేసిన చట్టం వల్ల కొత్త కార్లలో గాలి తగ్గితే దీపం వెలిగించి హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి అయింది. అయితే ఆ దీపం సూచించిన పీడనంలో నాలుగో వంతు పడిపోయాక వెలిగితే చాలని అక్కడి నియమం. అంటే 33 ఉండవలసిన టైరు 25కు దిగేదాకా దీపం వెలగకపోయినా నియమం ప్రకారం తప్పు లేదు. మన దగ్గర కూడా ఈ సౌకర్యం ఉన్న కార్లు పెరిగాయి, ఉన్నవారు సంతోషించవచ్చు, గేజును మాత్రం పక్కన పెట్టకూడదు.

ఇక ఊళ్లో గాలి కొట్టే సేవల సంగతి. అంకె నొక్కితే తనంతట తానే నింపి కూతపెట్టే యంత్రాలు చాలా బంకుల్లో వచ్చాయి, అవి పని చేస్తున్నప్పుడు బాగానే చేస్తాయి. కానీ రెండు బంకుల యంత్రాలు ఒకే టైరుకు ఒకే అంకె చెప్పడం నేను అరుదుగా చూశాను. గొట్టాన్ని రోజంతా నేల మీద పడేయడం, లారీ చక్రాల కింద నలగడం దానికి కారణాలు కావచ్చు. ఆటోనగర్‌లో నేను వెళ్లే పెద్దాయన మంచి పనిమంతుడు, టైరు విప్పడంలో ఆయన చేతి నేర్పు చూడవలసిందే, అయినా గాలి విషయంలో మా ఇద్దరికీ ప్రతి వేసవిలోనూ ఇదే సంభాషణ.

"ఎంత కొట్టమంటారండీ?"

"ముందు ముప్పై ఆరు, వెనక ముప్పై మూడు వెయ్యండి బాబాయ్."

"ఎండలు చూస్తున్నారుగా! ముప్పై చాలండీ, అందరికీ ముప్పయ్యే కొడుతున్నా."

"పొద్దున ఇంట్లో చూసుకున్నాను బాబాయ్, మూడు తక్కువున్నాయి. ఇప్పుడు టైరు వేడిగా ఉంది కదా, ఆ మూడూ దీనిమీదే కలపాలి."

ఆ చివరి మాటలో ఉన్న పద్ధతే ఈ గేజు వల్ల నాకు కలిగిన అతి పెద్ద ప్రయోజనం. ఇంట్లో చల్లగా ఉన్నప్పుడు 30 ఉంది, ఉండవలసినది 33, అంటే లోటు 3. బంకుకు చేరేసరికి టైరు వేడెక్కి అదే గాలి 33 చూపిస్తుంది. అక్కడి మీటరు చూసి సరిపోయిందనుకుని వెనక్కి రాకూడదు, ఆ 33 మీద లోటు 3 కలిపి 36 కొట్టించాలి. బంకు మీటరు తప్పు చెబుతున్నా ఈ పద్ధతికి పెద్ద నష్టం లేదు, ఎందుకంటే మనకు కావలసినది అక్కడి అంకె కాదు, ఎంత పెరిగిందన్న తేడా. మర్నాడు పొద్దున్న ఇంటి గేజుతో సరిచూసి, ఎక్కువైతే బ్లీడర్‌తో వదిలేయవచ్చు. అందుకే కొట్టించేటప్పుడు ఒక పీఎస్‌ఐ ఎక్కువే వేయించుకోవడం తెలివైన పని, ఇంట్లో తీయడం తేలిక, కలపడం కష్టం.

నైట్రోజన్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, వేడికి రెండూ దాదాపు ఒకేలా వ్యాకోచిస్తాయి. నైట్రోజన్‌లో ఉన్న మేలు అది పొడిగా ఉండడం, కాస్త నెమ్మదిగా కారిపోవడం. మనలాంటి ఉక్క ప్రాంతంలో కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరుతుంది, దాన్ని రోజూ కింది కుళాయి తిప్పి వదిలే దుకాణంలో కొట్టిన మామూలు గాలి నాకు చాలు. ఏ గాలి అయినా మంచి టైరు నుంచి నెలకు ఒక పీఎస్‌ఐ అటూ ఇటూగా తగ్గుతూనే ఉంటుంది, దానికి తోడు మే నెలలో పెట్టిన 33 డిసెంబరు చలికి మరో ఒకటిన్నర కోల్పోతుంది. నైట్రోజన్ వేయించాం కదా అని నెలల తరబడి చూడకుండా వదిలేస్తే ఆ ఖర్చు వృథా.

వానాకాలంలో గాలికి మరో పని ఉంది. 1960లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో వాల్టర్ హోర్న్ విమాన టైర్ల మీద చేసిన పరిశోధనలో, నీరు నిలిచిన ఉపరితలం మీద టైరు తేలిపోవడం మొదలయ్యే వేగం గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి ఉంటుందని తేలింది. ఆ సూత్రం ప్రకారం 32 పీఎస్‌ఐకి అది గంటకు సుమారు 94 కిలోమీటర్లు, 25 పీఎస్‌ఐకి సుమారు 83. కారు టైరు విషయంలో టైరు గాడుల లోతు, నీటి లోతు ఈ అంకెలను ఇంకా మారుస్తాయి, అరిగిన టైరు ఇంకా తక్కువ వేగానికే తేలుతుంది. అయినా దిశ మాత్రం స్పష్టం: గాలి తగ్గిన టైరు నీటిని నొక్కి పక్కకు నెట్టలేదు. జూలైలో జోరు వాన పడుతుండగా మంగళగిరి దాటి గుంటూరు వైపు వేగంగా పోయేవారు ఆ 11 కిలోమీటర్ల తేడాను తక్కువగా చూడకూడదు.

ట్రాక్ దగ్గరకు వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ఆ మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ సుమారు 3.7 కిలోమీటర్ల ట్రాక్, అక్కడ గట్టిగా తిప్పిన నాలుగు ల్యాపులు (చుట్లు) టైరులో పుట్టించే వేడి రోడ్డు మీద గంటల ప్రయాణంలో కూడా పుట్టదు. రోడ్డు కోసం పెట్టిన 33తోనే ట్రాక్ మీదికి పోతే ముందు టైర్లు 41, 42 దాకా ఎగబాకుతాయి. అప్పుడు నేలను తాకే గాడుల పట్టీ, అంటే ట్రెడ్, మధ్యభాగంలో ఉబ్బి, నేలను తాకే వెడల్పు తగ్గి, మలుపులో కారు ముందుభాగం బయటికి జారడం మొదలవుతుంది. అలాగని మరీ తగ్గించి మొదలుపెడితే మొదటి ల్యాపుల్లో సైడ్‌వాల్ మడతపడి టైరు షోల్డరు, అంటే ట్రెడ్ పక్క అంచు, నేలకు రాసుకుంటుంది, స్టీరింగ్ తిప్పిన కాసేపటికి గాని కారు స్పందించదు. కాబట్టి ట్రాక్ మీద ముందు నిర్ణయించుకోవలసినది వేడెక్కాక ఎంత ఉండాలన్నది, దాని నుంచి వెనక్కి లెక్కవేసి చల్లటి అంకెను పెట్టాలి. ఫార్ములా వన్‌లో సైతం ఒక్కో పందేనికి ఇంతకు తగ్గకూడదని టైరు తయారీదారు కనీస పీడనాన్ని విధిస్తాడు. గాలి తగ్గించి పట్టు సంపాదించడానికి ఒక హద్దుంటుందని దాని అర్థం.

నా కారుకు, మామూలు రోడ్డు టైర్లతో, ముందు వేడి మీద 36, వెనుక 34 దగ్గర నాకు హాయిగా ఉంటుంది. ఇవి నా కారు బరువుకూ, నా టైర్ల గట్టిదనానికీ కుదిరిన అంకెలు, ఇంకొకరు ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు గాని ఇక్కడే ఆగాలని లేదు. పొద్దున్న 30 డిగ్రీల వేడిలో నాలుగింటికీ 30 పెట్టి ట్రాక్ మీదికి దిగుతాను. కొన్ని ల్యాపులు తిప్పి, ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే పిట్‌లోకి రాగానే ఇంజను ఆపకముందే గేజు చేతిలో ఉండాలి, ఎందుకంటే నిలబడిన క్షణం నుంచి అంకె పడిపోతూ ఉంటుంది. కుడి మలుపులు ఎక్కువగా ఉన్న ట్రాక్‌లో బరువంతా ఎడమ ముందు టైరు మీద పడుతుంది కాబట్టి దానితోనే మొదలుపెట్టాలి. అది 38 చూపితే కుడి ముందుది 37, వెనుక రెండూ 33, 34 మధ్య ఉంటాయి. ముందు రెండింటినీ బ్లీడర్‌తో 36కు దించి, వెనుకవాటిని ముట్టుకోకుండా వదిలేస్తాను. కాలుతున్న చక్రం దగ్గర చెయ్యి పెట్టి రెండు మూడు తట్లలో పని ముగించగలగడం ఈ పనిముట్టు అసలు సామర్థ్యం. బ్లీడర్ లేని గేజుతో అయితే వాల్వు పిన్నును అగ్గిపుల్లతో నొక్కడం, మళ్లీ కొలవడం, మళ్లీ నొక్కడం, ఈలోపు టైరు చల్లారిపోతుంది.

అంకె సరిగా ఉందో లేదో టైరే చెప్పే మార్గం ఒకటుంది, దానికి చాక్‌పీసు చాలు. ట్రెడ్ ముగిసి సైడ్‌వాల్ మొదలయ్యే అంచున చాలా టైర్ల మీద చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. దాని మీదుగా ట్రెడ్ నుంచి సైడ్‌వాల్ వరకు అడ్డంగా తెల్లటి గీత గీసి ట్రాక్ మీదికి వెళ్లి రావాలి. గీత త్రిభుజం మొన దాకా చెరిగి ఆగితే టైరు సరిగ్గా పని చేసినట్లు. మొన దాటి సైడ్‌వాల్ మీదికి కూడా చెరిగితే గాలి చాలక టైరు పక్కకు ఒరుగుతున్నది, రెండు పీఎస్‌ఐలు పెంచాలి. త్రిభుజానికి చాలా ముందే గీత చెక్కుచెదరకుండా మిగిలితే గాలి ఎక్కువైంది. మొదటిసారి వెళ్లేవారికి ఇరవై మంది ఇరవై అంకెలు చెబుతారు, ఆ గీత మాత్రం అబద్ధం చెప్పదు. ట్రెడ్ లోపలి అంచు, మధ్య, బయటి అంచుల వేడిని విడివిడిగా కొలిచేవారూ ఉన్నారు: మధ్య ఎక్కువ వేడిగా ఉంటే గాలి ఎక్కువ, రెండు అంచులూ వేడిగా ఉంటే గాలి తక్కువ. అందుకు రబ్బరులోకి సూదిలా దిగే థర్మామీటరు కావాలి, దూరం నుంచి ఎర్రటి చుక్క వేసి కొలిచే తుపాకీ పైపొర వేడినే చెబుతుంది, ఆ పొర పిట్‌లోకి వచ్చేలోపే చల్లారిపోయి ఉంటుంది.

వెనుక టైర్ల గాలి పెంచి కారును మలుపులో తేలికగా తిరిగేలా చేసుకోవచ్చని అనుభవజ్ఞులు చెబుతారు. ముందుచక్రాలతో నడిచే కార్లలో అది నిజమే, వెనుక పట్టు కాస్త తగ్గితే ముక్కు లోపలికి తిరుగుతుంది. కానీ మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే అదే వెనుకభాగం బయటికి విసురుతుంది. దాన్ని పట్టుకునే అలవాటు లేనివారు ఈ చిట్కా జోలికి పోకపోవడమే క్షేమం. ముందు టైర్లు సరిచేసుకోవడంతోనే మొదటి ఏడాది గడిచిపోతుంది, అందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన మాట. వేడి మీద 36కు దించిన ఎడమ ముందు టైరు చల్లారాక 28 దగ్గర నిలుస్తుంది, కుడిది 29 దగ్గర. స్టిక్కరు 33 అడుగుతున్నది. ఆ స్థితిలో సాయంత్రం సామాను సర్దుకుని సూళ్లూరుపేట, నెల్లూరు, ఒంగోలు మీదుగా విజయవాడకు 450 కిలోమీటర్లు హైవే వేగంతో రావడం ప్రమాదం. పగలంతా మలుపుల్లో నలిగిన టైరుకు విశ్రాంతి కావలసిన సమయంలో గాలి చాలని ప్రయాణం పెట్టినట్లవుతుంది. ఎడమకూ కుడికీ మధ్య ఉన్న తేడా వల్ల బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగవచ్చు కూడా. ట్రాక్ గేటు దాటకముందే, టైర్లు బాగా చల్లారాక, నాలుగింటినీ స్టిక్కరు అంకెకు తీసుకురావాలి. దీనికి గేజు ఒక్కటే చాలదు, గాలి నింపే సాధనం వెంట ఉండాలి. నేను కారులోని 12 వోల్టుల సాకెట్‌కు తగిలించే చిన్న పంపును తీసుకువెళతాను. అది చప్పుడు చేస్తుంది, నాలుగు టైర్లకు ఓపిక పట్టాలి, వరుసగా నింపితే వేడెక్కుతుంది కాబట్టి మధ్యలో ఆపాలి. దాని సొంత తెర చూపే అంకె నా డయలుకన్నా రెండు పీఎస్‌ఐలు ఎక్కువగా ఉంటుంది, అంటే తనంతట తాను ఆగేలా 33 పెడితే టైరులో నిజంగా చేరేది 31. అందుకని దాన్ని 36 దగ్గర ఆగేలా పెట్టి, ఆ తర్వాత డయలు గేజుతో 33కు దించుతాను. కొలిచే అధికారం ఒక్క గేజుకే ఇవ్వాలి.

లోపాలు లేకపోలేదు. గొట్టం డయలుకు కలిసే చోట మర బిగింపు కొంతకాలానికి సడలి, వాల్వు మీద పెట్టినప్పుడు ముల్లు మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టింది. స్పానరుతో బిగించి, టెఫ్లాన్ టేపు చుట్టాక సర్దుకుంది. మరలతో బిగించే గొట్టం ఉన్నది కొంటే ఈ మరమ్మతు ఇంట్లోనే చేసుకోవచ్చు, శాశ్వతంగా నొక్కేసిన గొట్టం ఉన్నది పాడైతే పారేయడమే. డయలు మీద అద్దం బదులు ప్లాస్టిక్ ఉండడం వల్ల గీతలు పడ్డాయి, ఎండలో ఆ గీతలు మెరిసి ముల్లు సరిగా కనబడదు. రాత్రిపూట వెలుగు కోసం ఫోను పట్టుకోవాలి, ఈ ఒక్క విషయంలో వెలిగే తెర ఉన్న డిజిటల్ గేజు మేలు. డిజిటల్‌లో అర పీఎస్‌ఐ వరకు అంకె కనిపించడం కూడా బాగుంటుంది, కానీ వేసవిలో మూసిన కారులో డాష్‌బోర్డు పెట్టెలో ఉంచిన బ్యాటరీ కావలసిన రోజున మొండికేస్తుంది. జేబులో పెట్టుకునే పెన్ను గేజు అత్యవసరానికి పనికొస్తుంది, దానిలోని పుల్ల ఒకే టైరుకు రెండుసార్లు రెండు అంకెలు చెప్పడం మామూలే కాబట్టి ట్రాక్ పనికి దాన్ని నమ్మను.

డయలు గేజును కింద పడేయకూడదు. లోపలి గొట్టం ఒక్కసారి దెబ్బ తింటే ముల్లు సున్నా దగ్గర నిలబడదు, నిలబడినా మధ్యలో తప్పు చెబుతుంది. రబ్బరు తొడుగు కొంత కాపాడుతుంది గాని నేను దాన్ని గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టెలోనే ఉంచుతాను. ధర రెండు వేల రూపాయల లోపే, నేటి లెక్కన ఒక కొత్త టైరు ఖరీదులో అది చిన్న భాగం. ట్రాక్ వైపు ఎన్నడూ పోనివారికి బ్లీడర్ తప్పనిసరి కాదు, 60 డయలు ఉన్న సాదా గేజు చాలు. ట్రాక్‌కు వెళ్లేవారు మాత్రం బ్లీడర్ లేనిది కొనవద్దు. కొన్నాక ఏడాదికొకసారి నమ్మకమైన మరో గేజు పక్కన పెట్టి, ఒకే చల్లటి టైరు మీద, 30 దగ్గర ఒకసారి, 36 దగ్గర ఒకసారి సరిచూసుకోవాలి. రెండు చోట్లా ఒకే తేడా వస్తే ఆ తేడాను డయలు వెనుక కాగితం మీద రాసి అంటించి వాడుకోవచ్చు, చోటుచోటుకూ తేడా మారుతుంటే ఆ గేజును మార్చేయాలి.